బావ మార్చనివ్వని మోడెం

ఈ రోజు పొద్దున మా మేడ మీద అద్దెకున్నవాళ్ళ ఇంట్లో ఇంటర్నెట్ పెట్టె మార్చారు. ఇక్కడ హిందూపురంలోనే ఉన్న కేబుల్ ఆఫీసు నుంచి ఒకాయన బండి మీద వచ్చి, చెప్పులు మెట్ల దగ్గర వదిలి పైకి వెళ్ళి, నేను కాఫీ కలుపుకొని తాగి గ్లాసు కడిగేలోపల కిందికి దిగిపోయాడు. మేడ మీది అమ్మాయి పాత మోడెం పట్టుకుని వెనకాలే వచ్చి, "దీన్నేం చేయాల ఆంటీ, చెత్తబండికి వేసేదా?" అని అడిగింది. వేసెయ్యమన్నాను. వేసేసింది. అంతే. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరూ అలగలేదు, ఎవరి పరువూ పోలేదు. ఆ అమ్మాయి చేతులు దులుపుకొని మెట్లెక్కి పోతుంటే, ధర్మవరంలో ఇదే పనికి రెండేళ్ళు పట్టిన సంగతి గుర్తొచ్చి, అప్పుడే కాఫీ తాగిన నోరు చేదయింది.

ఆ రెండేళ్ళు పట్టింది మా బావ వల్ల. అంటే మా అక్క భర్త వల్ల. ఆయన గురించి చెప్పే ముందు నా గురించి ఒక మాట చెప్పడం మర్యాద. నేను హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. నాకు కోపం తక్కువ, చులకన ఎక్కువ. తప్పు చేసిన పిల్లల్ని ఎప్పుడూ కొట్టలేదు. వాళ్ళు బోర్డు మీద వేసిన లెక్కవైపు ఏమీ మాట్లాడకుండా కాసేపు చూసేదాన్ని. అంతకంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేదని ఏడ్చినవాళ్ళున్నారు. కాబట్టి మా బావ గురించి నేను చెప్పేది పూర్తిగా న్యాయంగా ఉంటుందని ఎవరూ ఆశపెట్టుకోవద్దు. ఆయనకు న్యాయం చేయడానికి మా అక్క ఉంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె చేస్తున్నది ఆ పనే.

మా బావ పెనుకొండలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, అదే కార్యాలయంలో సూపరింటెండెంటుగా దిగిపోయాడు. కాపురం ధర్మవరంలో. పొద్దున రైల్లో పోవడం, సాయంత్రం రైల్లో రావడం. ఆ రైలుపెట్టెలో ఆయన చెప్పని విషయం లేదు. శనక్కాయలు పండించే రైతుకు శనక్కాయల గురించి చెప్పేవాడు. ఆస్పత్రిలో నర్సుగా చేసే ఆమెకు జ్వరం గురించి చెప్పేవాడు. ఎదుటివాళ్ళు ఊరికే తల ఊపితే అది ఒప్పుకోవడం అనుకునేవాడు. ఆయనతో కొన్నాళ్ళు ప్రయాణం చేసిన మా స్కూలు డ్రిల్లు మాస్టారు, తర్వాత తర్వాత ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచిపోయి వేరే పెట్టె ఎక్కేవాడట.

ఆ ఆఫీసుకు మొట్టమొదటి కంప్యూటరు వచ్చినప్పుడు, దాన్ని పెట్టిన గది తాళంచెవి మా బావకు ఇచ్చారు. గమనించండి, ఇచ్చింది తాళంచెవి. కంప్యూటరు మీద పనిచేసింది వేరే ఆమె. పొద్దున తలుపు తెరవడం, సాయంత్రం మూయడం, మధ్యలో ఎవరైనా చెప్పులేసుకుని లోపలికి పోతే కసరడం, ఇదీ మా బావ వంతు. కానీ ఆ తాళంచెవి నడుముకు వేలాడిన రోజు నుంచి మా బంధువుల్లో ఆయన కంప్యూటరు తెలిసిన మనిషి అయిపోయాడు. ఎవరి ఫోను పాడైనా, ఎవరి టీవీ రాకపోయినా మా బావను పిలిచేవాళ్ళు. ఆయన వచ్చి, ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది లోపల పోయిండాది" అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళేవాడు. లోపల పోకుండా బయట పోయే వస్తువేదో నాకు ఇప్పటికీ తెలియదు.

వాళ్ళ వీధికి ఇంటర్నెట్ మొదట వచ్చినప్పుడు ఆయన స్వయంగా బెంగుళూరు పోయి ఒక మోడెం కొనుక్కొచ్చాడు. అప్పటికి అది మంచి వస్తువే కావచ్చు. దాన్ని హాల్లో ఎవరి చేతికీ అందని ఎత్తులో చెక్క కొట్టించి పెట్టాడు. దుమ్ము పడకుండా మా నాయన మగ్గం మీద మిగిలిన పట్టుగుడ్డ ఒకటి కప్పాడు. శుక్రవారం శుక్రవారం దానికి కుంకుమబొట్టు కూడా పడేది. ఏళ్ళు గడిచాయి, వీధిలో తీగలు మారాయి, రాగితీగ పోయి ఫైబరు అనే సన్నని గాజుతీగ వచ్చింది, అందరి ఇళ్ళలోనూ పెట్టెలు మారాయి. మా బావ పెట్టె మారలేదు. గాజుతీగ లాగినవాళ్ళచేత మధ్యలో ఏదో చిన్న డబ్బీ పెట్టించి, తన పాత మోడెంనే దానికి తగిలించుకున్నాడు. నెట్టు నత్తలాగా నడవడం మొదలుపెట్టింది.

కారణాలు ఆయన దగ్గర బోలెడు. వాన వస్తే మబ్బు అడ్డం. ఎండ కాస్తే తీగ సాగడం. "ఎండకు తీగ సాగుతాదమ్మా టీచరమ్మా. సాగితే దూరం ఎక్కువవుతాది. దూరం ఎక్కువైతే నిదానం కాకుంటే ఏమవుతాది?" అని ఒకసారి నాకే చెప్పాడు. ఆ లెక్కను ఆయన ముందే కాగితం మీద వేసి చూపిద్దామనుకున్నాను. కానీ లెక్క చూసి సిగ్గుపడాలంటే ముందు లెక్క రావాలి కదా అని ఊరుకున్నాను. ఎదురింటివాళ్ళు మిక్సీ వేయడం ఇంకో కారణం. పక్కింటివాళ్ళు మన నెట్టు లాక్కుంటున్నారన్నది అన్నిటికంటే పెద్ద కారణం. ఆ పక్కింట్లో ఉండేది ఒక ముసలవ్వ, ఆమె దగ్గరున్నది మీటలు నొక్కే ఫోను.

ఇదంతా మా బావ ఒక్కడి సరదా అయితే నేను నవ్వి ఊరుకునేదాన్ని. కానీ ఆ ఇంట్లో నెట్టుతో పని ఉన్నది ఆయనకు కాదు, మా అక్కకు.

మా అక్క చీరలకు డిజైన్లు గీస్తుంది. మా నాయన నేతగాడు. ఆయన మగ్గం పక్కన కూర్చుని గళ్ళకాగితం మీద రంగు పెన్సిళ్ళతో అంచులు, కొంగులు గీయడం మా అక్కకు చిన్నప్పుడే అబ్బింది. ఒక్కో చిన్న గడి ఒక్కో పోగు అనుకోండి. ఒక కొంగు పూర్తి కావాలంటే లక్షల గళ్ళు. ఆమె గీసే నెమలిని చూడాలి మీరు. ఈక ఈకకూ ఒక కన్ను, ఆ కంటి చుట్టూ మూడు రంగులు. తోక చివర చీర మడతలోకి ఎక్కడ కలిసిపోతుందో తెలియదు. మగ్గాలకు కంప్యూటరు డిజైన్లు వచ్చినప్పుడు, గళ్ళకాగితం పని అయిపోయిందని చాలామంది పెన్సిలు పడేశారు. మా అక్క మాత్రం యాభై దాటిన వయసులో, తన కూతురి వయసు ఆడపిల్లల మధ్య కూర్చుని ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుంది. నేర్చుకుంటున్నన్నాళ్ళూ మా బావ, "దాంట్లో ఏముండాది, అంతా నాకు తెలిసిందే" అనేవాడు. మరి నేర్పవచ్చు కదా అని నేనంటే, ఆయనకు పని గుర్తొచ్చేది.

బెంగుళూరులో పట్టుచీరల కొట్టు నడిపే సేటు ఒకాయన మా అక్క డిజైన్లు తీసుకునేవాడు. ఆమె ఫైలు పంపడం, ఆయన చూసి సరేనంటే ధర్మవరంలో మూడు ఇళ్ళ మగ్గాల మీద ఆ చీరలు నేయడం. ఆ మూడు ఇళ్ళవాళ్ళూ మా అక్క ఏం పంపింది, సేటు ఏమన్నాడు అని కనుక్కుంటూ ఉండేవాళ్ళు. ఆమె గీత మీదే వాళ్ళ మగ్గం ఆడేది.

ఇంతలో మా అక్క రెండు వారాలకొకసారి, శనివారం పూట, రైలెక్కి హిందూపురం మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. నేను పొంగిపోయాను. ఒంటరిగా ఉంటున్న చెల్లెలి మీద పెద్దతనంలో ప్రేమ పుట్టుకొచ్చిందనుకున్నాను. ఆమె వచ్చే రోజు పొద్దున్నే ఉగ్గాని కలిపి, బజ్జీలు వేసి, ఒకసారైతే పప్పు రుబ్బి ఓళిగలు కూడా చేశాను. "మా అక్కకు నేనంటే ప్రాణం" అని పక్కింటి కన్నడ ఆమెకు రెండు భాషల్లోనూ చెప్పుకున్నాను. మా అక్క వచ్చి, తిని, "కొంచేపు నడుం వాలుస్తా పాపా" అని గదిలోకి పోయి తలుపు వేసుకునేది. పాపం, రైలు ప్రయాణం, అలసిపోయింది అనుకునేదాన్ని. ఎనిమిది నెలలు ఇట్లా అనుకున్నాను. లెక్కల టీచరును.

ఒక శనివారం ఉన్నట్టుండి కరెంటు పోయింది. గది తలుపు తెరుచుకుని మా అక్క లాప్‌టాప్ చేత్తో పట్టుకుని బయటికొచ్చింది.

"నెట్టు పోయిందా పాపా? ఇంకా సగమే పోయిండాది" అంది.

"ఏం పోయింది సగం?"

"డిజైను. బెంగుళూరికి."

ఆమెకు నా ముఖం చూశాక తాను ఏమన్నదో అర్థమైంది. మంచం అంచున కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, చీర కొంగుతో దాని మీద లేని దుమ్ము తుడిచింది. "మా ఇంట్లో పోదు పాపా. పొద్దున పెడితే మధ్యాహ్నం దాకా తిరిగీ తిరిగీ, ఎర్రగీత వచ్చి నిలబడిపోతాది. పెన్నుడ్రైవు పట్టుకోని ఎవురింటికని పోయేది?"

"ఎన్నాళ్ళుగా?"

"నువ్వు ఓళిగలు చేసినావు చూడు, దాని ముందు వారం నుంచి."

ఆ ఓళిగల్లో వేసిన నెయ్యి తలుచుకుంటే నాకు నా మీదే జాలి కలిగింది. కానీ అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. కరెంటు వచ్చేదాకా ఏం చేస్తాం, చూపించు నీ డిజైన్లు అన్నాను. చూపించింది. ఒక నెమలిని చూసి ఆగిపోయాను. తల ఉంది, మెడ ఉంది, వెనకాల నాలుగు గీతలున్నాయి.

"ఇదేందక్కా, దీనికి తోక యాడ?"

"ఉండాది కదా. తగ్గించినా."

"ఎందుకు?"

"మీ బావ చెప్పినాడు, ఈకలు ఎక్కువుంటే బరువవుతాది, తీగలో పోయేదానికి కష్టమని. ఆ కండ్లు గూడ తీసేస్తే ఇంకా తేలికవుతాదని చెప్పినాడు. తీసేస్తే కొంచెం తొందరగానే పోయినట్టనిపించె."

పాత ఫైలు ఒకటి తెరిపించి రెండు నెమళ్ళనూ పక్కపక్కన పెట్టించాను. ఒకటి మా అక్క గీసింది. ఇంకొకటి మా బావ చెప్పగా గీసింది. రెండోది నెమలి అని రాసి ఉంటే తప్ప ఎవరూ గుర్తుపట్టరు. పందెంలో ఓడిపోయిన కోడి అనుకోవచ్చు. బోర్డు మీది తప్పు లెక్కవైపు చూసినట్టు ఊరికే చూశాను. మా అక్క లాప్‌టాప్ మూసేసింది.

సేటు కూడా కనిపెట్టాడని అప్పుడే చెప్పింది. "అక్కా, ఈ మధ్య మీ నెమళ్ళు బక్కగా అయిపోయినాయే" అన్నాడట. వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి వీడియోలో కూర్చుంటానని, పెళ్ళి చీరలకు ఆరు డిజైన్లు చూపించమని, తాను చెప్పిన రంగులు అప్పటికప్పుడు మార్చి చూపించాలని చెప్పాడట. కుదరకపోతే బెంగుళూరులోనే వేరేవాళ్ళను చూసుకుంటాడు. హిందూపురం వచ్చి ఆ పని చేయడానికి లేదు. రంగులు సరిగ్గా చూపించే పెద్ద కంప్యూటరు ధర్మవరంలోనే ఉంది, లాప్‌టాప్ దానికి చాలదు. పోయిన నెల ఇంటి నుంచే సేటుతో వీడియో పెట్టి చూసిందట. "ఏనూ కాణిస్తా ఇల్ల అక్కా, మీ మొగమే నిలబడిపోయిండాది" అని, ఏమీ కనబడడం లేదని, ఆయన ఫోను పెట్టేశాడట.

సోమవారం నేను ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. నా కాల్ తమకు ఎంతో విలువైనదని తేనెలో ముంచిన గొంతు ఒకటి నలభై నిమిషాలపాటు చెప్పింది. అంత విలువైన కాల్ అయితే ఎత్తవచ్చు కదా. చివరికి ఎత్తినాయన మోడెం ఒకసారి ఆపి, మళ్ళీ వేసి చూడమన్నాడు. నేను హిందూపురంలో ఉన్నాను, మోడెం ధర్మవరంలో ఉందన్నాను. పరవాలేదు మేడం, ఆపి మళ్ళీ వేయండి అన్నాడు. మా బావకు బంధువేమో అడుగుదామనిపించింది.

ఇక మా స్కూలు కంప్యూటర్లు బాగుచేసే పెనుకొండ భాయ్‌కి చెప్పాను. నలభై అయిదేళ్ళ మనిషి, పెనుకొండ బజారులో చిన్న కొట్టు. పదేళ్ళపాటు మా స్కూలు డొక్కు కంప్యూటర్లను బతికించిన చేయి అది. శనివారం పొద్దున నేను హిందూపురంలో రైలెక్కితే, ఆయన పెనుకొండలో సంచి భుజానేసుకుని అదే పెట్టె ఎక్కాడు. దారి పొడుగునా మోడెం గురించి ఒక్క మాట కూడా అనలేదు. "చూడకుండా ఏం చెప్పేది మేడం" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆయన మీద నాకు గౌరవం రెట్టింపయింది. చూడకుండా అన్నీ చెప్పే మనిషి ఇంటికి పోతున్నాం మరి.

మేము పోయేసరికి మా బావ కుర్చీ సరిగ్గా మోడెం కింద వేసుకుని కూర్చున్నాడు. భాయ్‌ని పైనుంచి కిందికి చూశాడు.

"ఏమప్పా, ఏం చదివినావు నువ్వు?"

"పదో తరగతి సార్. మిగతాదంతా చెడిపోయినవాటి దగ్గర నేర్చుకుంటి."

మా బావకు ఆ జవాబులో వినయం వినబడినట్టుంది, కుర్చీ కొంచెం జరిపాడు. భాయ్ స్టూలెక్కి పట్టుగుడ్డ తీసి మోడెం మీద చేయి పెట్టి, వెంటనే తీసేశాడు. "కాల్తాండాది సార్. దోసె వేయొచ్చు" అన్నాడు.

"పనిచేసే వస్తువు వేడిగానే ఉంటాదబ్బా. చల్లగా ఉంటే చచ్చినట్టు" అన్నాడు మా బావ.

భాయ్ గోడలోంచి వచ్చే గాజుతీగ, మధ్యలో చిన్న డబ్బీ, ఆ తర్వాత మోడెం, వరుసగా చూశాడు. మోడెం తీగ పీకి, డబ్బీ నుంచి నేరుగా తన లాప్‌టాప్‌కు తగిలించాడు. మా అక్కను పిలిచి, ఏదైనా ఒక డిజైను పంపమన్నాడు. ఆమె అన్ని ఈకలున్న పాత నెమలి ఫైలే పెట్టింది. వేలు మీట మీంచి తీసేలోపల అది వెళ్ళిపోయింది. మా అక్క తెరవైపు, తన వేలివైపు మార్చి మార్చి చూసుకుంది. తర్వాత భాయ్ అదే ఫైలును మోడెం గుండా పెట్టాడు. గుండ్రం తిరగడం మొదలైంది. మేము కాఫీ తాగాం. తిరుగుతూనే ఉంది.

"నీళ్ళు గుమ్మం దాకా కాలవ నిండా వస్తాండాయి సార్. ఈ పెట్టె లోపలికి ఇడిసిపెట్టలేకుండాది. ఇది పాతకాలం తీగకు చేసిన పెట్టె, దాని తప్పేం లేదు" అన్నాడు భాయ్. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "గాజుతీగ లాగినప్పుడు కొత్త మోడెం ఇచ్చింటారే. ఈ వీధిలో అందరికీ ఇచ్చినారు" అన్నాడు.

మా బావ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మాకియ్యలేదు" అన్నాడు.

మా అక్క లోపలి గదిలోకి పోయింది. బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు వినబడింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతుల్లో ఒక అట్టపెట్టె ఉంది. సీలు కూడా ఊడలేదు. మా బావ రిటైరయిన రోజు ఆఫీసువాళ్ళు కప్పిన శాలువా కింద, బీరువా అడుగు అరలో రెండేళ్ళుగా ఉందట అది.

ముందుగా నోరు తెరిచింది మా బావే. ఆయనకు అది అలవాటు. "నేనే ఎత్తిపెట్టినా. ఇది చెడిపోయినాక వాడుకుందామని. చెడిపోని వస్తువును ఎవురైనా పారేస్తారా? ఇంగొకటి, ఆ పెట్టె తగిలిస్తే మన ఇంట్లో ఏం జరుగుతాందో కంపెనీవాళ్ళకు తెలిసిపోతాది."

మా బావ ఇంట్లో జరిగేది తెలుసుకోవాలని ఏ కంపెనీకి అంత తీరిక ఉంటుందో నాకు తెలియదు. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం వీధి అరుగు మీద ఉపన్యాసం. ఆ రహస్యాలు కాపాడటానికి ఒక మనిషి ఎనిమిది నెలలపాటు రైళ్ళెక్కి తిరిగింది. నేను మా అక్క చేయి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయాను.

"నీకు ముందే తెలుసా, అది బీరువాలో ఉందని?"

"తెలుసు."

"అది పెడితే నెట్టు బాగవుతుందని?"

"ఆర్నెల్ల నుంచి తెలుసు. ఆ కంప్యూటరు నేర్పిన అమ్మాయి చెప్పె."

"మరెందుకు పెట్టుకోలేదు?"

ఆమె గ్యాసుపొయ్యి మీది గిన్నెను అక్కడి నుంచి తీసి ఇక్కడ పెట్టింది. "పెట్టె మారిస్తే, ఆయప్ప చెప్పినదంతా తప్పని తేలిపోతాది కదా పాపా. ఆఫీసు పోయినాక ఆయప్పకు ఇంగేముండాది, ఇట్లా ఒకటీ రెండు తెలుసని చెప్పుకోవడం తప్ప."

ఈ మాట విని కళ్ళు తుడుచుకునేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతుంది. ఒక మగవాడి డాబు నిలబెట్టడానికి, తాను గీసిన నెమలి తోక తన చేత్తోనే కత్తిరించుకున్న మనిషిని త్యాగమూర్తి అనడం నాకు చేతకాదు. "నువ్వు ఆయనకంటే తెలివిగలదానివి అనుకున్నా. ఆయన తెలియక పాడు చేసినాడు, నువ్వు తెలిసి చేసినావు" అన్నాను. ఆ గొంతు నా తరగతి గది గొంతు. అక్కతో ఎప్పుడూ అట్లా మాట్లాడలేదు.

"తోకలే కదా అనుకుంటి మొదట్లో" అంది. "పోయిన వారం నువ్వు రెండూ పక్కపక్కన పెట్టించినావు చూడు. ఆ బక్కదాన్ని చూస్తే నాకే అసయ్యమేసింది. ఈ వారమంతా కూర్చోని ఆరింటికీ ఈకలు మళ్ళా గీసినా. ఒక్కటి తగ్గించలేదు." అంటే నెట్టు బాగుపడుతుందో లేదో తెలియకుండానే, ఈ శనివారం ఏదో ఒకటి తేలిపోవాలని గీసి పెట్టుకుందన్నమాట. చేతులు తుడుచుకుని హాల్లోకి నడిచింది. ఎవర్నీ అడగలేదు. స్టూలెక్కి పాత మోడెం ప్లగ్గు తనే పీకింది. అది ఎంత చిన్న చప్పుడో, మా బావ మాత్రం కుర్చీలో ఉలిక్కిపడి లేచాడు.

"నేనే ఈ వారం మారుద్దామనుకుంటాండా" అన్నాడు. మా అక్క కొత్త పెట్టె సీలు విప్పడం మొదలుపెట్టేసరికి అరుగు మీదికి పోయి, అక్కడి నుంచి, "పని కాదు, రాసిస్తా కావాలంటే" అని రెండుసార్లు చెప్పాడు.

ఆయన మాట నిజమవుతుందేమోనని నేను భయపడిన మాట వాస్తవం. కొత్త పెట్టె తగిలించాక ఎర్రదీపం వెలిగి అట్లాగే ఉండిపోయింది. పెట్టె వెనకున్న నంబరు కంపెనీవాళ్ళు తమ దగ్గర ఎక్కించుకుంటే తప్ప అది పనిచేయదట. మళ్ళీ ఆ తేనె గొంతు. గడియారం మూడుంబావు దాటింది. మా అక్క పెద్ద కంప్యూటరు ముందు కూర్చుని, ఆరు డిజైన్లూ వరుసగా తెరిచి పెట్టుకుని, చేతులు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. భాయ్ ఆ గొంతును వినడం మానేసి, ధర్మవరం ఆఫీసులో తనకు తెలిసిన ఒకాయనకు నేరుగా ఫోను చేసి, ఒక్కొక్క అంకె విడమరచి చెప్పాడు. నాలుగు కావడానికి పావుగంట ఉందనగా ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగింది.

"పాస్‌వర్డు ఏం పెట్టమంటారు?" అని అడిగాడు భాయ్.

అరుగు మీది నుంచి జవాబు వచ్చింది. పాత పాస్‌వర్డు మా బావ పేరు, దాని పక్కన ఆయన రిటైరయిన సంవత్సరం. అదే పెట్టమన్నాడు.

"నేను పెట్టుకుంటాలే భాయ్. మీరు కొంచెం అటు తిరగండి" అంది మా అక్క. భాయ్ అటు తిరిగాడు. నేను కూడా తిరగాల్సి వచ్చింది.

నాలుగింటికి సేటు ముఖం తెర మీద కదిలింది. కళ్ళు ఆర్పడం కూడా కనబడింది. "ఇవత్తు చెన్నాగి కాణిస్తా ఇదె అక్కా" అన్నాడు, ఈ రోజు బాగా కనబడుతోందని. మా అక్క ఒక్కొక్క కొంగూ తెరిచి చూపించింది. పెద్దది చేయమంటే చేసింది, ఎరుపు తీసి వంగపండు రంగు వేయమంటే వేసింది. మూడో దాని దగ్గర సేటు మాట ఆపేసి, తెరకు దగ్గరగా వంగాడు. "ఈ నెమలి ఇన్ని దినాలు యాడికి పోయింటె అక్కా?" అన్నాడు. "ఈడే ఉండె" అంది మా అక్క.

అప్పుడే మా బావ లోపలికొచ్చి, ఆమె కుర్చీ వెనక నిలబడి, గాజుతీగలో వెలుతురు ఎట్లా పోతుందో సేటుకు చెప్పడం మొదలుపెట్టాడు. మా అక్క తల తిప్పకుండానే, "మీరు కొంచెం పక్కకు జరగండి, వెలుతురు అడ్డమొస్తాండాది" అంది. వాళ్ళ పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఇంట్లో నేను విన్న మాటలన్నిటిలో నాకు బాగా నచ్చిన మాట అది. ఆయన జరిగాడు. సేటు ఆరింటిలో నాలుగు తీసుకున్నాడు. మిగిలిన రెండూ బాగాలేవన్నాడు. అవి నిజంగానే అంత బాగాలేవు. మూడు ఇళ్ళవాళ్ళకూ ఆ సాయంత్రమే కబురు వెళ్ళింది.

తర్వాతి వారానికల్లా మా బావ వీధి అరుగు మీద కొత్త పాఠం మొదలుపెట్టాడు. కొత్త మోడెం వచ్చిన వెంటనే తగిలించకూడదట, కొన్నాళ్ళు ఆగనిచ్చి, సమయం చూసి తగిలించాలట. తాను అట్లాగే చేశాడట. మా అక్క లోపలి నుంచి వింటూ ఖండించలేదు. కానీ పాస్‌వర్డు కూడా చెప్పలేదు. పదకొండు రోజులు ఆయన అడగలేదు. వీధి చివర సిగ్నలు బాగా వచ్చే చోట నిలబడి సెల్‌ఫోన్లో పేపరు చదువుకున్నాడు. పన్నెండో రోజు భోజనం దగ్గర, పప్పు కలుపుకుంటూ, "ఆ పాస్‌వర్డు ఏదో చెప్తే..." అన్నాడట. "ఎందుకు?" అని అడిగిందట మా అక్క. "రైళ్ళ టైం చూసుకోవల్ల" అన్నాడట. ఆమె చేయి కడుక్కొచ్చి, ఆయన ఫోను తీసుకుని, తనే కొట్టి ఇచ్చింది. ఆ పాస్‌వర్డు ఏమిటో ఆయనకు ఇప్పటికీ తెలియదు. నేనడిగినా చెప్పలేదు.

ఆ శనివారం ధర్మవరం నుంచి ఇంటికొచ్చి, నా బీరువా తెరిచి చూశాను. స్కూల్లో వీడ్కోలు రోజు ఇచ్చిన దుప్పట్లు, కవరు విప్పనివి రెండు, పాతవి చిరిగితే వాడదామని పెట్టుకున్నవి కనబడ్డాయి. చిరిగిపోయి చాలా రోజులైన దుప్పటే మంచం మీద ఉంది. ఆ పూట నా వంతు చులకన నేనే పుచ్చుకున్నాను.

మా అక్క ఇప్పుడు హిందూపురం రావడం తగ్గించింది. వచ్చినప్పుడు మాత్రం నడుం వాల్చకుండా నాతోనే కూర్చుంటుంది. పోయిన నెల పెనుకొండలో ఒక పెళ్ళికి ఇద్దరం వెళ్ళాం. భోజనాల వరుసలో మా ముందు నిలబడిన ఆమె, ఎవరో మాకు తెలియదు, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. కొంగు మీద సన్నగా ఒక నెమలి, వెనకాల నాలుగు గీతలు. మా అక్క దానివైపు చూసి, కళ్ళు తిప్పుకుని, మళ్ళీ చూసింది. "నాదే" అంది మెల్లగా. ఆ చీర కట్టుకున్నామె సంతోషంగానే ఉంది, ఎవరో బాగుందంటే కొంగు పరిచి మరీ చూపిస్తోంది. పట్టు కదా, ఆమె తర్వాత ఆమె కూతురు కూడా కడుతుంది. పోయిన కాలం పోయిందని అనుకుంటాం గానీ అది ఎక్కడికీ పోదు. మనం ఎట్లా వదిలేస్తే అట్లాగే, మనకు తెలియనివాళ్ళ ఒంటి మీద తిరుగుతూ ఉంటుంది.